రెండించులు

"ఎంత లేపాలె మేడం?"
జీపు కింద పండుకొనే అడిగిండు మొయిన్ భాయ్.
ఆటోనగర్ షెడ్డు గోడకు వరుసగా కాయిల్ స్ప్రింగులు,
నూనె తాగి నల్లబడ్డ కడియాల్లెక్క.

నాలుగించులు, అన్న నేను.
తాడ్వాయి దాటినంక వాగుల రాళ్లు
వానాకాలమంతా దీని పొట్ట గీరుతయి.
వెనక సీట్ల గాలికుంటు టీకాల డబ్బా,
మంచు కరగకముందే
మందను అందుకోవాలె.

బయటికొచ్చి చేతులు తుడుచుకున్నడు.
"వాగు నెలకెన్నిసార్లు?"
ఆరు. ముసురు పడితే ఎనిమిది.
"మిగతా దినాలు?"

మిగతా దినాలు
హన్మకొండ చౌరస్తా, స్పీడుబ్రేకర్లు,
పిల్లను బడికాడ దించుడు,
రాత్రికి మా అపార్ట్‌మెంటు సెల్లార్ల
జీపు కప్పుకు బెత్తెడెత్తున
ఆ సిమెంటు దూలం.

"నాలుగేస్తే మలుపుల ఒరుగుతది.
బ్రేకు కొడితే ముక్కు వంచుతది.
జాయింట్లు, బుష్షులు ఏడాదికే ఏడుస్తయి.
అండ్లకెళ్లి మీ పిల్ల
బడికాడ దిగుడు కాదు, దునుకుడే."

రెండు చాలన్న.
కొంచెం ఓడిపోయినట్టే అన్న.

పొద్దుగూకినంక కొత్త స్ప్రింగుల మీద
సూదిమందు పడ్డ ఆవు లేచినట్టు నిలబడ్డది,
తన కాళ్లను తానే నమ్మకుంట.
సెల్లార్ల తల బయటపెట్టి చూసిన:
దూలానికీ కప్పుకూ నడుమ
రెండు వేళ్లు.

తెల్లారి వాగుల
ఒక్క రాయి తగిలింది.
డబ్బాల సీసాలు గల్లుమన్నయి, పగలలే.
ఆ రాయి నాకెరుకే.
చింతచెట్టు సూటిలకు రాంగనే
ఎడమకు కొట్టాలె.