క్లైమాక్సు చూడనోడు

ఆదోనిలో సెకండ్ షో ఇడిసే యాళకి
గాలిలో పత్తి నుసి తిరుగుతాంటాది.
ట్యూబ్‌లైటు కింద చూసి మంచు అనుకుంటారు కొత్తోళ్లు.
ఇరవై రెండేండ్లుగా ఈ టాకీసు స్టాండులో
బండ్లకి రేకు టోకెన్లు కడతాండా.
బొమ్మ బాగుందో లేదో
పేపరోళ్ల కంటే ముందు నాకు తెలుస్తాది:
బాగుంటే, టోకెను యాడ పెట్టినారో మర్చిపోతారు.

ఈ వారం ఆడేది పరుగుపందెం బొమ్మ.
బేల్దారి కొడుకు, కాళ్లకి చెప్పుల్లేవు,
ఎవరూ లెక్కజేయని పిల్లోడు
ఆఖరికి దేశానికే పతకం తెస్తాడంట.

మద్దిలేటి సైకిలు స్టాండు తన్ని తీసినాడు.
"ఒగ పాటలో మూడేండ్లు గడిపేసినారు కదప్పా!
పల్లవిలో పడతాడు, చరణంలో లేస్తాడు,
పాటయ్యే తలికి ఎద ఇంత లావు.
యార్డులో పద్దెనిమిదేండ్ల సంది బోరేలు మోస్తాండా,
నాకింకా పల్లవే కాలే."
నడుం పట్టుకొనే నవ్వి, తొక్కుకుంటా పాయ.

పాలిటెక్నిక్ పిల్లోళ్లు ముగ్గురు
బండి స్టార్టు చేయకుండానే కొట్లాట.
అంతా అబద్ధం, సిఫారసు లేంది
గ్రౌండు గేటే తీయరంటాడు ఒకడు.
"అబద్ధమైతే ఏమిరా,
రేపు నాకు సప్లిమెంటరీ ఉంది,
ఈ రాత్రికి ఆ అబద్ధం సాలు" అంటాడు ఇంకొకడు.
మూడోవాడు ఫోనులో
హీరో బూట్ల ధర ఎతుకుతాండాడు.

బఠానీల ఖాజాబీకి కోపమొచ్చింది:
"రెండున్నర గంటలు ఆ తల్లి వడ్డిస్తానే ఉండాది,
ఒక్క ముద్ద నోట్లో పెట్టుకున్యట్ల చూపీలే.
ఆయమ్మ యాడ తినిందో
కనుక్కోని రాపో లోపలికి!"

జిన్ను మిల్లు వీరభద్రప్ప
కారు తలుపు పట్టుకొని రొంతసేపు నిలబడినాడు, ముక్కు ఎర్రగా.
ఇట్లాంటివి పిల్లోళ్లకి చూపీయాలన్నాడు,
పది రూపాయలు ఎక్కువే ఇచ్చినాడు.
తెల్లారితే ఆయన కాటా కాడ
క్వింటాలుకి మూడు కిలోలు తరుగు.
అది దొంగేడుపంటే నేనొప్పుకోను, చూసినా కదా.
తరుగూ చూసినా.

ఉరుకుందమ్మ వచ్చింది, తమ్మున్ని ఎంటేసుకొని, మూడోసారి.
పేరులోనే ఉరుకుండాదని
వాళ్ల నాయన మురిసేవాడు.
కర్నూలు పటాలం గ్రౌండులో
కానిస్టేబులు పరుగుకి నాలుగు సెకన్లు ఎక్కువైనాయి.
నాలుగు సెకన్లంటే
నేనొక టోకెను కట్టేంతసేపు.

"గెల్చేది బాగలేదున్నా,
అది యాడనో చూసి తీసినారు.
పందేనికి ముందర లేసు కట్టుకుంటాంటే
వాని ఏళ్లు వణికినాయి సూడు,
ముడి రెండుసార్లు జారింది,
అది మాత్రం తీసినోనికి తెలుసు.
ఆ ముడి కోసరమే వస్తాండా."

నీకెట్లుందన్నా, అన్నాడు తమ్ముడు.
ఏం చెప్పేది?
తలుపు సందులోంచి ఇంటర్వెల్ దాకా చూస్తా,
ఆ మీంద కొన్ని.
లోపల ఈలలు మొదలైతే లేచిపోయి గొలుసు తీయాల.
ఎన్ని వందల హీరోలు ఓడిపోంగ చూసినానో!
ఒక్కడు గెలవంగ చూళ్లే.
గెలుపంటే నాకు
గోడవతల చప్పుడు.

వాడు సైకిలెక్కినాడు. ఆమె ఎక్కలే.
చెప్పులిడిసి హ్యాండిలుకి తగిలించింది,
"మార్కెట్ గేటు దాకా లెక్కపెట్టున్నా."
నాకు గడియారం యాడిది?
పెట్టెలోంచి టోకెన్లు ఒకటొకటే పక్కకి తీసినా.
మూసేసిన ఉగ్గాని బండి దాటింది.
కుక్క ఒకటి ఎంటబడి, మనసు మార్చుకొని కూర్చునింది.
నుసిలో రొంతసేపు కనపల్లే.
నలభై రెండో రేకు కాడ
గేటు లైటు కిందికి చేరింది.

అది మంచి టైమో కాదో నాకు తెలీదు.
స్టాండు ఖాళీ. రేకులన్నీ మళ్లా పెట్టెలో ఏసి
నంబర్లు సరిచూసినా.
ఒకటి తక్కువొచ్చింది.
మద్దిలేటిది.