సెమిలిగుడలో శనగ

నల్లరేగడి పిల్లని నేను.
మా పర్చూరు చేలల్లో శనగకి నీళ్లు పెట్టిన పాపాన ఎవరూ పోలేదు.
విత్తనం పడేసి తలుపేసుకుంటే చాలు,
నెర్రెల్లో దాచుకున్న తడితోనే
పుష్యానికి పూత, మాఘానికి కాయ.

ఇక్కడ మట్టి ఎర్రన.
ఇక్కడ పొద్దు తొమ్మిదింటికి గానీ లేవదు.
దేవమాలి కొండ దిగొచ్చిన మబ్బు
మా టిఫిన్ బండి రేకు మీద కూచుని
చుక్క చుక్కగా ఏదో లెక్క చెబుతుంది.
డబ్బాలో ఉప్పు నీరైపోతుంది.
అగ్గిపెట్టెని నడుముకి చెక్కుకుని పడుకుంటాను.

గుగ్గిళ్లకి నానేసినవి కాదు,
పేరమ్మత్త గుడ్డలో మూటకట్టి పంపిన విత్తనాలు,
గుప్పెడు తీసి పెరట్లో పెట్టాను.
వానలు వెళ్లిపోయాయనుకున్నాను.
గుమ్మం దాకా వెళ్లి మళ్లీ చెప్పులు విడిచాయి.
మూడోరోజు తవ్వి చూస్తే
గింజలు ఉబ్బి, తోలు జారి,
వేళ్ల మధ్య సబ్బుముక్కల్లా నలిగాయి.

పక్కింటి హీరామణి కంచె మీంచి చూసి
"బూటొ పెట్టావా?" అంది.
వాళ్ల భాషలో శనగ.
నేను నా కాళ్లకేసి చూసుకున్నాను, బూట్లెక్కడివీ అని.
ఆమె నవ్విన నవ్వుకి
ఆమె మేక కూడా మేత ఆపి తలెత్తింది.

మళ్లీ కార్తీకం గడిచాక.
ఈసారి గట్టు కట్టి, గట్టు మీద.
రోడ్డోళ్లు వదిలేసిన కంకర, పొయ్యి బూడిద,
మూడు తట్టల ఇసుక, మోకాలెత్తు.
జానకొకటి వెయ్యలేదు, మూరకొకటి వేశాను,
ఒకదాని తడి ఇంకోదానికి అంటకుండా.
ఎనిమిదిమందిమి ఒకే గదిలో పెరిగినవాళ్లం,
నాకా సంగతి ఒకరు చెప్పక్కర్లేదు.
నీళ్లు పొయ్యలేదు.
చెంబు పట్టుకెళ్లి
నిండుచెంబుతోనే తిరిగొచ్చిన రోజులున్నాయి.
ఊరికే ఉండమని చేతులకి చెప్పడం
ఎంత కష్టమో.

మొలిచాయి. పంతొమ్మిది.
పొద్దున్నే చీపురుపుల్లతో
ఒక్కో మొక్కనీ మెల్లగా తట్టి మంచు దులిపేదాన్ని,
తలంటుకున్న పిల్లకి జుట్టు ఆరబెట్టినట్టు.
అయినా రెండు బూజుపట్టి తలవాల్చాయి.
వాటిని పెరికి పొయ్యిలో పెట్టాను.
మిగతావాటి తలలు తుంచి పప్పులో వేస్తే
ఆ పులుపు,
చింతపండు ఊసే అక్కర్లేని ఆ పులుపు,
మా ఆయన మారుమాట లేకుండా రెండోసారి కలుపుకున్నాడు.

పూత వచ్చింది. వంగపండు రంగు, గోరంత.
వచ్చింది వచ్చినట్టే రాలింది.
రాత్రి చలికి పువ్వుకి కడుపు నిలవడం లేదు.
ఆ మాట పైకి అని
కంచె పట్టుకుని కాసేపు నిలబడ్డాను.

హీరామణి ఏమీ అడగలేదు.
వాగులోంచి బుట్టెడు నల్లరాళ్లు మోసుకొచ్చి
మొక్కకి రెండు చొప్పున మొదట్లో పెట్టి పోయింది.
పగలల్లా ఎండ తాగి
రాత్రి మెల్లగా ఊపిరి వదిలేవవి.
నడిజామున లేచి వెళ్లి చెయ్యి పెట్టాను.
నిద్రపోయే పిల్లాడి అరికాలంత వెచ్చన.

రాళ్ల వల్లనో, మాఘం ముదరడం వల్లనో
ఫాల్గుణంలో కాయ పట్టింది.
అరవై రెండు. విప్పితే ఇరవై తాలు.
పేరమ్మత్తకి ఫోనులో చెబితే
"బస్తాలా?" అంది.

కాయ కొయ్యబోయే ముందు రాత్రి
మొక్కల మీద పాత పంచె కప్పాను.
అమ్మ చేలో అలాగే తెల్లగుడ్డ పరిచి
తెల్లారి పిండి సీసాకెత్తేది, కడుపునొప్పికి మందని.
అమ్మకి గిన్నెడు వచ్చేది.
నాకు సగం బకెట్టు వచ్చింది.
అంతా కొండమంచే.
నాలిక చివర, ఎక్కడో,
పులుపు ఉందో లేదో.
హీరామణి దోసిట్లో పోశాను.
తాగి, కళ్లు మూసుకుని, చాలాసేపటికి
"అచ్చి" అంది. ఉందని.
నా మొహం చూసి అందో, నిజంగానే ఉందో.

ఎనిమిది గింజలు కొంగున ముడేసుకుపోయింది.
బూడిద ఎంత కలపాలో ఆమెకింకా చెప్పలేదు నేను.
అడుగుతుందిలే, కంచె దగ్గర.