వీపు వేషం

రిచీ స్ట్రీట్‌లో మూడో అంతస్తు.
క్యాసెట్‌కి బూజు పట్టిందన్నాడు షాపు కుర్రాడు.
దూదితో తుడిచాడు, ఫ్యాను కింద ఆరబెట్టాడు.
పదమూడు వారాల కథలో
నాలుగే మిగిలాయి.

ఏ దేశపు దొరల నవలో,
గుర్రాల మీద కూర్చుని తమిళం మాట్లాడేవాళ్లు.
కోట గోడ గాలికి ఊగుతోంది.
ప్లైవుడ్డని నాకు అప్పుడే తెలుసు.
షూటింగ్ అయ్యాక ఆ ముక్కనే
సాలిగ్రామంలో మా పక్కింటి రత్తాలమ్మ
తలుపుగా బిగించుకుంది,
రంగు వెలిసిందాకా
కోటలోంచే ఇడ్లీలు అమ్మింది.

వీధి మొత్తానికి ఒకే డయనోరా.
చెక్క షట్టరు జరిగితే చాలు
కిటికీ ఊచలకి పిల్లలు.
హీరో మొహం కోసం వాళ్లు,
హీరో అటు తిరగడం కోసం నేను.

అటు తిరిగితే మా నాన్న.

ఈకల టోపీ కింద, మెడ మీద
నూనె చింది కాలిన మచ్చ
కనపడీ కనపడకుండా.
దీపాల గుత్తి పట్టుకుని ఊగింది ఆయనే,
మేడ మీంచి గడ్డిబండిలోకి దూకిందీ ఆయనే.
గవరయ్య అన్న పేరు ఎక్కడా పడలేదు.
అమ్మ మాత్రం ఆఖరి అక్షరం పోయేదాకా చూసి
లేచి గంజి వార్చేది.

చివరి వారం విలన్‌కి మోకాలు పట్టేసింది.
రెండొందలు ఎక్కువిస్తామంటే
ఆ వీపూ నాన్నే వేశాడు.
మంగళవారం ఎర్ర అంగీ, బుధవారం నల్లది,
మా టీవీలో రెండూ బూడిదే.
మెట్ల మీద కత్తియుద్ధం.
అటు ఆయనే, ఇటు ఆయనే,
మధ్యలో అతుకు.
చెక్క కత్తులకి వెండి కాగితం.
ఖంగుమన్న చప్పుడు
వేరే గదిలో ఎవరో అట్లకాడలతో చేసింది.

పొడిచింది నాన్న.
పన్నెండు మెట్లు దొర్లింది నాన్న.
పిల్లలంతా చప్పట్లు.
నేను ఎవరికి కొట్టాలో తెలీక
చేతులు గౌను కింద దాచుకున్నాను.

ఆ రాత్రి అమ్మ ఆయన నడుముకి
ఉప్పు మూట కాపుతుంటే అడిగాను,
ఎవరు గెలిచారు నాన్నా?
'క్యాంటీను నాయరు,' అన్నాడు బోర్లా పడుకునే.
'రెండొందలూ వాడి పద్దుకే పోయాయి.'

ఇప్పుడు తెర మీద ఆ మెట్లే.
బొమ్మ దొర్లుతోంది, గీతలు, మంచు,
ఒక్క క్షణం నిలబడిన మెడ.
ఆపమన్నాను.

కుర్రాడు దగ్గరికి వంగి చూశాడు.
ఇక్కడొక మరక ఉందక్కా,
కంప్యూటర్‌లో తీసేయనా?

బూజో, నూనె మచ్చో
నాకూ తెలీదు.
వద్దు, ఉంచు, అన్నాను.