జానెడు ఎడం

భావనపాడు రేవులో
తుపాను సైరన్ స్తంభానికి నడుమెత్తున
ఒక బూడిదరంగు ఇనప పెట్టె.
దాని నాడి చూసేవాణ్ణి నేను.
టెక్కలి నుంచి బండి మీద వస్తాను,
సంచిలో మల్టీమీటరు, సీసాలో తరవాణి.

మే నెలలో రోజూ రెండూ పదికి
అది సొమ్మసిల్లుతుంది.
ఆకుపచ్చ దీపం ఆరి, మళ్లీ వెలిగి,
తానెవరో మరిచినట్టు
మొదట్నుంచి అంకెలు వల్లించుకుంటుంది.
తలుపు తీస్తే ముఖానికి కుంపటి సెగ.
లోపల డెబ్భై ఒకటి.
బయట నీడలో ముప్పై ఎనిమిదే.
మిగతా ముప్పై మూడూ
ఎవరు మోసుకొచ్చి పోశారు ఇందులో?

మేలో ఉడికిన కెపాసిటర్లు
అక్టోబరులో పగ తీర్చుకుంటాయి,
సరిగ్గా గాలివాన రాత్రి.

ముందు ఫ్యాన్ పెట్టాను.
ఉప్పుగాలి నలభై రోజుల్లో దాని బేరింగు నమిలేసింది.
చిల్లులు పొడిచాను.
చీమలు కాపురం పెట్టాయి, ఒక బల్లి
రిలే మీద పడుకుని మాడిపోయింది.
తెల్లరంగు వేశాను. తొమ్మిది డిగ్రీలు దిగింది.
"చాలదా?" అన్నారు ఏఈ గారు ఫోన్లో,
ఆయన వెనకాల ఏసీ గురక.
రెండూ పది కాస్తా మూడయింది. అంతే.

పక్కనే సూరాడ తవిటమ్మ
ఇసక మీద పాత వల పరిచి కవళ్లు ఆరబెడుతోంది.
ఆమెకి ఎండ కావాలి. నాకు వద్దు.
ఒకే సూర్యుడి ముందు ఇద్దరం
ఎదురెదురు అర్జీలు పట్టుకుని నిలబడ్డాం.

"ఏటి బాబూ, ఆ డబ్బాకి జొరమేటి?"
"ఎండదెబ్బ, తవిటమ్మా."
"మరి గిడుగెయ్యవేటి?"
తన నెత్తి మీది తాటాకు గిడుగు తీసి
పెట్టె మీద బోర్లించింది.
నేను గట్టిగా అదిమి కట్టబోతే
చేతి మీద ఒక్కటిచ్చింది.
"నెత్తికి అంటుకుంటే సెమటే గదేటి.
జానెడు ఎడం ఒగ్గు. గాలాడాల."
లోపలి వెదురు బద్దల చట్రం చూపించింది,
ఆకుకీ తలకీ మధ్య
నేనెప్పుడూ కొలవని ఖాళీ.

గిడుగు వేడెక్కింది. పెట్టె వేడెక్కలేదు.
ఆకు తాగిన ఎండని
సందులో దూరిన సముద్రపు గాలి
అటునుంచి అటే పట్టుకుపోయింది.

వారం తర్వాత నరసన్నపేటలో రేకు కోయించి
తెల్లపూత కొట్టి, నాలుగు నైలాన్ బుడిపెల మీద
పడమటికి కాస్త ఎక్కువ వాల్చి నిలబెట్టాను.
నలభై ఆరు.
రెండూ పది వచ్చింది, పోయింది.
దీపం రెప్ప వెయ్యలేదు.

రిపోర్టులో రాశాను:
నీడ రేకు ఒకటి, జానెడు ఎడంతో.
పైనుంచి ప్రశ్న వచ్చింది,
రేకు ఖర్చు సరే, ఎడం ఖర్చెంత?

ఇంకా జవాబు రాయలేదు.
గిడుగు తిరిగిచ్చేద్దామని వెళితే
"ఉంచుకో నానా, నీకూ ఓ నెత్తుంది గదా" అని
వల రెండో కొస నా చేతికిచ్చింది.
"పట్టు. కవళ్లు తిరగెయ్యాల."