ఐదో మెట్టు

గ్వయాకిల్ రేవులో ముద్ర చెదిరిన అరటి పెట్టెల్ని
కిలోల లెక్కన అమ్మేస్తారు.
సొరాయిదా కిమీ వాటిని వాసన చూసి కొంటుంది.
తడిసి ఆరిన అట్టకి పాత గోనె వాసన,
మంచి అట్టకి ఏ వాసనా ఉండదట.
పంతొమ్మిదేళ్ళు ప్యాకింగ్ షెడ్డులో
నిమిషానికి నాలుగు పెట్టెలు మడిచిన చేతులవి.
ఒక బొటనవేలి గోరు ఎప్పటికీ నల్లగానే ఉంటుంది.

డిసెంబరు వస్తే చాలు, మా వీధి వీధంతా
అట్టతో, కాగితంతో బొమ్మలు లేపుతుంది:
మేడంత వీరులు, బల్లులు, ఓడిపోయిన మంత్రులు.
ఏడాది చివరి రాత్రి పన్నెండు కొట్టగానే
అన్నిటికీ నిప్పు పెట్టి
పాత ఏడాదిని సాగనంపుతాం.

ఆవిడ ఈసారి మెట్లు కడతానంది.
"మెట్లా? ఎక్కడికి?" అన్నాడు రొట్టెల ఎలియోదోరో.
"పైకి" అంది.

నాకప్పుడు పద్నాలుగు. కత్తి నా చేతికిచ్చింది.
ముందు ఒక ముక్క చీల్చి లోపల చూపించింది:
రెండు చదును కాగితాల మధ్య
ఇరుక్కుపోయిన కెరటాలు.
"నిలబెడితే గాడిదలా మోస్తుంది,
పడుకోబెడితే మా ఆయనలా కూలబడుతుంది.
కోసే ముందు, కెరటం ఎటు పోతోందో
వేలినడుగు."

అడగడమంటే కళ్ళు మూసుకుని
అట్ట మీద గోరు గీయడం.
గరగరమంటే అడ్డం,
సర్రున జారితే నిలువు.

కర్రపెండలం పిండి ఉడికించిన జిగురు,
దోమలు, పక్కింటి రేడియోలో ఫుట్‌బాలు.
పదమూడు మెట్లు.
ఒక్కో మెట్టు కడుపులో తేనెపట్టులా నిలువు గదులు.
ఏ అక్షరాన్నీ రంగుతో కప్పనివ్వలేదు ఆవిడ.
బాణం గుర్తులన్నీ ఆకాశం వైపే.
"బరువు పద్దెనిమిది కిలోలు" అని
ప్రతి మెట్టూ అబద్ధమాడుతూనే ఉంది.

ఐదో మెట్టు నాది.
ఆ సాయంత్రం ఫైనల్ మ్యాచ్.
వేలినడగలేదు నేను.
దొరికింది దొరికినట్టు కోసి, అతికించి,
పైన అట్ట కప్పి పరిగెత్తాను.
మర్నాడు చెబుదామనుకున్నాను.
ఆ మర్నాడు కూడా.

ముప్పై ఒకటిన జనం వరస కట్టారు.
గిడ్డంగి గోడ లేచి పదకొండేళ్ళు,
మా వీధి పిల్లలకి నది అంటే
గోడ అవతలి నుంచి వచ్చే బురద వాసన.
పదమూడో మెట్టు మీద నిలబడితే
ఆ గోడ నడుము దాకా వచ్చి ఆగిపోయింది.
అవతల గ్వయాస్,
పోటుకి లొంగి వెనక్కి నడుస్తూ,
గుర్రపుడెక్క దిబ్బల్ని మోసుకుంటూ.

ఎలియోదోరో వంతు వచ్చింది.
పిండి బస్తా ఒకటి
ఇంకో పిండి బస్తాని ఎత్తుకున్నట్టుంటాడు మనిషి.
ఒకటి. రెండు. మూడు. నాలుగు.
కళ్ళు మూసుకున్నాను.
ఏం కాలేదు. మెట్టు మూలగనైనా లేదు.
పైన చాలాసేపు నిలబడి
"నీళ్ళు" అన్నాడతను, ఎవరికీ తెలియనట్టు.

పన్నెండుకి ఆవిడే అగ్గిపుల్ల గీసింది.
అట్ట ఒక్కసారిగా తగలబడదు.
ముందు చర్మం పోతుంది,
తర్వాత కెరటాలు ఎర్రగా వరసలో కనిపిస్తాయి,
తర్వాత అవీ ఉండవు.
పైమెట్లు కూలాయి, కిందివి కూలాయి.
ఐదోది నిలబడింది.

నేను కప్పిన అట్ట కాలిపోయాక
లోపల కనబడ్డాయి,
నేను పెట్టని గొట్టాలు.
బిగించి చుట్టి, షెడ్డు ముడి వేసి,
పక్కపక్కనే నిటారుగా.
ఏ రాత్రి విప్పిందో, ఏ రాత్రి మూసిందో!

నావైపు చూడలేదు ఆవిడ.
పొగకి కళ్ళు తుడుచుకుంటూ
"రేపు పెట్టెల లారీ ఎన్నింటికొస్తుందో
కనుక్కో" అంది.