పచ్చసొన పాలిపోయిన నెల

మొక్కజొన్న ధర మూడోసారి ఎక్కిన రోజు
ఖాదర్‌వలీ దాణా మిల్లు ముందర
ఖాళీ గోతాం మడిచి చంకన పెట్టుకుని
తిరిగొచ్చేసినా.
ఎనిమిది వందల కోళ్లు.
వాటికి మార్కెట్ సంగతి చెప్పేదెట్లా?

అటక మీద మా అత్త చెంగమ్మ దాచిన రాగులు,
బైరెడ్డిపల్లె సంతలో బేరమాడిన సజ్జలు,
రైసుమిల్లు నూకలు రెండు మూటలు.
సగం మొక్కజొన్న తీసేసి ఇవి కలిపినా.
లెక్కల పుస్తకంలో రాసుకున్నా:
సోమవారం. దాణా మార్చినాము. భయంగా ఉంది.

తొలిరోజు కోళ్లు తొట్టిలో తల పెట్టి
మళ్లీ ఎత్తి నా వైపు చూసినాయి,
పెండ్లి పంక్తిలో ఉత్త చారు పోసినట్టు.
సజ్జలు మాత్రం ఏరుకున్నాయి.
రాగిపిండి ముక్కులకు అంటుకుని
నీళ్ల గిన్నెలన్నీ అంబలి అయిపోయినాయి.
నాలుగోనాటికి నలభై గుడ్లు తక్కువ.
మా ఆయన ఒక్క మాట అనలేదు.
అంటే బాగుండు.

పదోరోజుకు గుడ్ల లెక్క తిరిగొచ్చింది.
రంగు రాలేదు.
పలమనేరు బస్టాండులో ఆమ్లెట్ బండి మునస్వామి
ఒక గుడ్డు పగలగొట్టి పెనం మీద చూపించినాడు:
పేరుకే పచ్చసొన,
తెల్లారినాక మిగిలిన చందమామ.
"ఏంది అక్కా, నీ కోళ్లకు పచ్చకామెర్లు నయమైనట్టుండాయే!"
బస్సు కోసం నిలబడినోళ్లంతా నవ్వినారు.
నేనూ నవ్వినా.
ఆరు ట్రేలు వెనక్కి తెచ్చుకున్నా.

ఆ రాత్రి ఆ గుడ్లే పులుసు పెట్టి
సంగటి ముద్దలో నంజుకున్నాం.
కోడి తిన్నదీ రాగులే, మేం తిన్నదీ రాగులే.
మా చిన్నోడు రెండు తిని మూడోది అడిగినాడు,
రంగు సంగతి వాడికెవరూ చెప్పలేదు.

తర్వాత వారం వి.కోట రోడ్డు పక్కన
ఎవరో టెంపో నిండా బంతిపూలు బోర్లించి పోయినారు.
ధర లేదు. కోత కూలి కూడా రాలేదంట.
కొండ మీది దేవుడి మెడ దాకా పోవాల్సినవి
గేదెలు కూడా ముట్టకుండా పడి ఉండాయి.
మిల్లు దగ్గర మడిచిన గోతాం అప్పుడు విప్పినా.

షెడ్డు రేకుల మీద ఎండబెట్టి
రోట్లో దంచి
దాణాలో గుప్పెడు గుప్పెడు.
చేతులు నెలంతా బంతి వాసన,
బడిలో పిల్లోడి పలక కూడా.

మునస్వామి ఇప్పుడు పెనం వంచి అందరికీ చూపిస్తాడు:
"చూడండప్పా, సొనంటే ఇది!"
నేను నోరు మెదపను.

మొక్కజొన్న ధర ఈ వారం కొంచెం దిగిందంట.
దిగనీ.

ఆ పూలు ఎవరి తోటవో ఇప్పటికీ తెలీదు.
ఆ రైతు కూడా ఒకనాడు ఈ బండి దగ్గరే నిలబడి
డబుల్ ఆమ్లెట్ చెప్పి
ఉల్లిపాయలు కాస్త ఎక్కువ వేయమని అడిగి
తన నష్టాన్ని తానే
వేడివేడిగా తిని పోయింటాడేమో.