తప్పొప్పుల పట్టిక

నలభై రెండో పేజీ, తొమ్మిదో పంక్తి:
"ఉప్పు" అని ఉన్నచోట "ముప్పు" అని చదువుకోవాలి.
అలా రాసిపెట్టుకున్నాను గానీ
మా వైపు ఎలా చదువుకున్నా ఒకటే.
దాన్ని ఉండనిద్దాం.

మొగల్తూరు దాటాక ఉప్పుటేరు పక్కన
మూడెకరాల రొయ్యల చెరువుకి రాత్రి కాపలా నాది.
ఏరేటర్లు తెల్లార్లూ నీళ్ళని చిలుకుతుంటాయి.
చప్పుడైతే లేస్తారు అందరూ,
నాకు చప్పుడాగితే మెలకువ.
రెండు గంటలకోసారి చెక్ ట్రే పైకి లాగి
మేత మిగిలిందా, టార్చి వెలుగులో రొయ్య కన్ను మెరిసిందా చూసి
తడిచేతులు లుంగీకి తుడుచుకుని
వాక్యం దగ్గరికి తిరిగొస్తాను.
అప్పటికది చల్లారిపోయి ఉంటుంది.
ఎప్పుడో ఒకసారి మాత్రం
నేను లేనప్పుడే రెండడుగులు నడిచి ఉంటుంది.

ఎవరి ప్రేరణతో రాశావయ్యా అన్నారు
మేత కొట్టు రామభద్రరాజు గారు, ఏదో ఒకటి అడగాలి గనక.
ఏం చెప్పను?
మేత లెక్కల పుస్తకంలో వెనకపేజీలు ఖాళీగా ఉండటం ఒక కారణం.
మా మేనత్త తిట్లు ఇంకొకటి:
పడవ అద్దె ఎగ్గొట్టినవాణ్ణి
ఏడు తరాలు వెనక్కి ఈడ్చుకెళ్ళి
తరానికొకడికి ఒక రోగం తగిలించి
మళ్ళీ వాడి గుమ్మంలోకే తెచ్చి దింపేది,
ఒక్క పేరూ తడబడకుండా.
నవలంటే అదేననుకున్నాను చాలాకాలం.
ఇంకా, ఈ చెరువు అడుగున ఒకప్పుడు వరి ఉండేది.
ఆ చేను పేరు తూరుపు మడి అని తెలిసినవాళ్ళం
ముగ్గురం మిగిలాం.
ఇవేవీ ఆయనకి చెప్పలేదు.
"ఊరికేనండి" అన్నాను.

పట్టుబడి బాగా వచ్చిన ఏడు ఓనరిచ్చిన పద్దెనిమిది వేలు,
మా ఆవిడ మంగతాయారు చీటీ పాడి తెచ్చిన ఇరవై.
మూడొందల కాపీలు.
భీమవరం అచ్చాఫీసులో
ఓణీల ఫంక్షను ఫ్లెక్సీలకీ శుభలేఖలకీ మధ్య
నా పోలయ్య వరసలో నిలబడ్డాడు.
టైపు చేసిన అమ్మాయి పేరు ఎస్తేరు.
"మీ ళ-కీ శ-కీ తేడా లేదండి" అని మొదటిరోజే కసిరింది.
వారానికి ఫోను:
"ఏడో ప్రకరణంలో లచ్చాయమ్మకి ముప్పై నాలుగేళ్ళండి,
తొమ్మిదికొచ్చేసరికి ముప్పై ఒకటెలా అయిందండీ?"
గట్టు మీద నిలబడి వేళ్ళు మడిచి లెక్కపెట్టాను.
నా రాతని అంత దగ్గరగా
అంతకుముందెవరూ చూడలేదు.

పదకొండో ప్రకరణంలో పోలయ్యని చంపేశాను నేను.
అంతర్వేది మొగలో, పాటు లాగుతుండగా,
వల కాలికి చుట్టుకుని. మూడు పేజీలు.
అవి రాసిన రాత్రి మేత వెయ్యడం మరిచి
తెల్లారి ఓనరు చేత పడ్డాను.

పుస్తకం వచ్చింది, జిగురు వాసనతో.
నూట నలభై మూడో పేజీ చివర
"పోలయ్య పైకి రాలేదు" ఉండాల్సినచోట
"పోలయ్య పైకి వచ్చాడు."
ఒక్క మాట. తక్కినదంతా నేను రాసినట్టే,
లచ్చాయమ్మ ఏడుపూ, ఖాళీ పడవా, అమ్ముడైన వలా.
చదివిన కొద్దిమందిలో ఒకడు, టోల్‌గేటు సత్తిబాబు,
నా మీదికే వచ్చాడు:
"బతికుండి కూడా ఇంటికి రాలేదంటే
ఎంత దుర్మార్గుడండీ మీవాడు!"
నాకు తట్టని నవల అది.

భీమవరం వెళ్ళి అడిగాను.
"అచ్చుతప్పండి" అంది ఎస్తేరు, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.
ఏదో శుభలేఖలో వరుడి పేరు దిద్దింది, చెరిపింది, మళ్ళీ దిద్దింది.
"మా నాన్నదీ అదే మొగండి."

ఇప్పుడు రాజుగారి కొట్లో
పది బస్తాల మేతకి ఒక నవల ఉచితం.
ఇరవై ఆరు వెళ్ళాయి.
"మగ్గు లేదా?" అన్నాడట ఒకాయన.

పట్టిక రాయడం ఇంకా మిగిలే ఉంది.
నూట నలభై మూడో పేజీ, చివరి పంక్తి:
అక్కడ పెన్ను పెట్టి చాలాసేపయింది.

ఏరేటర్లు ఆగాయి.
లేవాలి.